దుంగ ఎత్తని పూట

భాస్కర్ వచ్చి వాకిట్లో పీట మీద కూర్చుంటే చిట్టెమ్మ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. అతను ఆమెకి తోడబుట్టిన అన్న. సైన్యంలో హవల్దారుగా చేసి దిగిపోయి వచ్చి, ఇప్పుడు డుంబ్రిగుడలో స్కూలు మైదానం మీద తెల్లారకముందే చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల్ని పరిగెత్తిస్తాడు. దానికి ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. అతని చేతికింద తయారై అగ్నివీర్లుగా వెళ్ళిన కుర్రాళ్ళు సెలవుల్లో వచ్చినప్పుడు ముందు అతనికి సెల్యూట్ కొట్టి, తరవాతే ఇళ్ళకి పోతారు. అలాంటి మనిషి ఏదైనా చెబితే కాదనడానికి చిట్టెమ్మకి ఎప్పుడూ నోరు రాలేదు. చిన్నప్పుడు అడ్డాకులకి కొండెక్కితే దారి చూపింది అతనే. ఆమె కోరుకున్న ధనరాజుకి ఇమ్మని తండ్రి దగ్గర పట్టుబట్టి పెళ్ళి చేయించిందీ అతనే.

ఆరోజు అతను వచ్చింది చిట్టెమ్మ కూతురు గంగ గురించి.

గంగ ఇంటర్ పాసైంది. మహిళా మిలిటరీ పోలీసుకి దరఖాస్తు పెట్టింది. మైదానంలో ఆడపిల్లలంతా ఆ పిల్ల వెనకాల పరిగెత్తేవాళ్ళే. ఆ పరుగు చూసి మురిసిపోయిన భాస్కరే తన ఫోన్లో దరఖాస్తు నింపాడు. పిల్లలు రాతపరీక్ష పాసయ్యాక, విశాఖపట్నంలో జరిగే పరుగు పరీక్షకీ మెడికల్‌కీ అందరికీ కలిపి ఒక వ్యాను మాట్లాడాడు, అందరి హాల్ టికెట్లూ ప్రింటు తీయించి తన సంచిలో పెట్టుకున్నాడు. అంతవరకూ బాగానే జరిగింది. ముందురోజు పొద్దున గంగ పరుగు ముగించి, గట్టు మీద కూర్చుని బిళ్ళ మింగుతుంటే అతని కంట్లో పడింది. ఆ బిళ్ళ దేనికని అడిగాడు. ఏడీడీకని, మనసు ఒకచోట నిలవడానికని పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసింది.

చిట్టెమ్మ ఇచ్చిన టీ గ్లాసు పక్కన పెట్టి భాస్కర్ రెండే మాటలు చెప్పాడు. ఈరోజు నుంచి ఆ బిళ్ళలు ఆపేయాలి. రేపు మెడికల్లో డాక్టరు ఏం అడిగినా ఏ జబ్బూ లేదు, ఏ మందూ వాడలేదు అనాలి. ఆ ఏడీడీ అన్న మాట నోట్లోంచి వస్తే ఇక అంతే, మిగతావన్నీ పాసైనా వెనక్కి పంపేస్తారు. తన గ్రౌండు నుంచి వెళ్ళినవాళ్ళలో ఇంతవరకూ అలాంటి మచ్చ ఎవరి మీదా పడలేదు, మేనకోడలి వల్ల పడనివ్వడు. ఒప్పుకుంటే వ్యానెక్కొచ్చు, లేకపోతే అక్కర్లేదు.

చిట్టెమ్మ తలూపింది. అన్న ముందు ఆమె మెడ తెలియకుండానే అలా ఊగుతుంది.

గుమ్మం వెనక చేటలో చోళ్ళు, అంటే రాగులు, చెరుగుతున్న గంగ బయటికొచ్చింది.

"బిళ్ళలు మానను మావయ్యా. డాక్టరు అడిగితే సెప్పెస్తాను."

భాస్కర్ కోప్పడలేదు. లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "అయితే నీ హాల్ టికెట్టు నా సంచిలోనే ఉంతాది," అని చెల్లెలి వైపు చూసి వెళ్ళిపోయాడు. టీ అలాగే చల్లారిపోయింది.

గంగ చిన్నప్పటి నుంచీ ఒక పనిలో ఉండి ఇంకో పనిలోకి జారిపోయే పిల్ల. నీళ్ళకి పంపితే బిందె గెడ్డ ఒడ్డునుండేది, పిల్ల పనస చెట్టు మీదుండేది. మిరియాలు కోయడానికి నిచ్చెనెక్కి, సగం తీగ కోసి, ఎవరి మేకో అరిచిందని దిగి పోయేది. చెబుతుంటే వినేది, విన్నది మరుక్షణం ఎటో పోయేది. గాలి సోకిన పిల్ల, గాలి గుంట అని ఊళ్ళో పేరు పెట్టారు. చిట్టెమ్మ ముహూర్తాలూ మంత్రాలూ చూసే దిసారి దగ్గరికి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించింది. తాయెత్తు కూడా ఎక్కడో పారేసుకొచ్చిందని కర్ర విరిగేలా కొట్టింది. ఒకసారి పొయ్యి మీద అంబలి పెట్టి చూస్తుండమంటే, పిల్ల వీధిలో పెళ్ళి డప్పు విని పరిగెత్తింది. పొయ్యిలోంచి కర్ర జారి గడ్డి రాజుకుని, పక్కనున్న పశువుల శాల కప్పు అంటుకుంది. దూడని బయటికి లాగేసరికి దాని చెవులు రెండూ కాలిపోయాయి. గంగ ఆ దూడ పక్కనే పడుకుని చాలా రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

తరవాత ఆశ్రమ పాఠశాలలో అనురాధ అని ఒక టీచరు, పిల్లని విశాఖ తీసుకెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించింది. ఇది గాలీ కాదు, పొగరూ కాదు, బుర్ర పనిచేసే తీరే అంత అని ఆ డాక్టరమ్మ చిట్టెమ్మని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పింది. బిళ్ళలు రాసింది. బిళ్ళలతో గంగ మారిపోయి వేరే పిల్ల కాలేదు. ఇప్పటికీ దువ్వెన బియ్యం డబ్బాలో దొరుకుతుంది. కానీ మొదలుపెట్టిన పని పూర్తి చేస్తుంది. పుస్తకం తెరిస్తే పేజీ చివరిదాకా వెళ్తుంది.

చిట్టెమ్మకి మాత్రం ఆ బిళ్ళలంటే భయం పోలేదు. పిచ్చిమందు అంటారని చోళ్ళ బుట్ట అడుగున దాచింది. ఎవరైనా చూసి అడిగితే తలనొప్పి బిళ్ళలంది. గంగకీ అలాగే చెప్పమని నేర్పింది. పిల్ల కొన్నాళ్ళు అలాగే చెప్పింది, పెద్దదయ్యాక మానేసింది.

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ కాఫీ తోటలో అక్కర్లేని చిగుళ్ళు తీస్తున్నారు. మొన్నటి వానకి తోటంతా తెల్లగా పూసింది. మధ్యాహ్నం ఎండకి ఆ వాసన తల తిరిగేటట్టు ఉంది. చిట్టెమ్మ రాత్రంతా మనసులో నలిగిన మాట అప్పుడు అడిగింది. ఇంత గొడవ ఎందుకు, ఏ అంగన్‌వాడీలోనో ఏ కాఫీ డిపోలోనో పని చూసుకోవచ్చు కదా, ఆ మిలిటరీయే ఎందుకని.

గంగ చెయ్యి ఆపకుండా చెప్పింది. తన బుర్రలో ఎప్పుడూ డుంబ్రిగుడ సంత జరుగుతున్నట్టు ఉంటుందట. అందరూ ఒకేసారి పిలుస్తుంటారు, ఎటు తిరగాలో తెలీదు. గ్రౌండులో మావయ్య విజిల్ ఊదగానే ఆ సంత కట్టేసినట్టు అయిపోతుందట. లేవమంటే లేవడం, పరిగెత్తమంటే పరిగెత్తడం, తరవాత ఏం చెయ్యాలో ముందే ఎవరో చెప్పి ఉంచడం. అలాంటి చోట తను బాగుంటానని అనిపించిందట. కష్టమైనది కూడా ఆలోచించాను అంది. సెంట్రీ డ్యూటీలో ఒక్కచోట గంటలకొద్దీ నిలబడాలి. అది తనకి చాలా కష్టం. అడిగితే అదీ చెబుతుంది.

"సెప్తే తీసుకోరంతన్నాడు కదే మావయ్య."

"తీసుకోరేమో. ఆ మాట ఆళ్ళు సెప్పాల. నానెల్లి ఎదరగా నిలబడ్డాక, నన్ను సూసి సెప్పాల. అప్పుడు ఇంకో పని ఎతుక్కుంతాను. ఆళ్ళకంటే ముందు మావయ్య కాదంతే ఎలాగ? నువ్వు కాదంతే ఎలాగ?"

"నాను కాదన్లేదే."

"తలూపినావు." గంగ చేతిలో కొమ్మ వదిలేసి తల్లి వైపు తిరిగింది. "బిళ్ళ మానేసి తుపాకీ పట్టుకోమంతన్నాడు. పొయ్యి దగ్గర నన్నొదిలితే ఏటయిందో నువ్వు సూసినావు. బిళ్ళ నేకండా నా సేతికి తుపాకీ ఇయ్యమని నువ్వూ తలూపినావు."

చెవులు కాలిన దూడ చిట్టెమ్మ కళ్ళముందుకొచ్చి నిలబడింది. అది ఇప్పుడు పెద్దదై, ఈనిన ఆవు. దాని తల చూసినప్పుడల్లా కొత్తవాళ్ళు, ఇదేం జాతి అని అడుగుతారు.

వ్యాను బయల్దేరాల్సిన రోజు ఇటుకల పండగలో పడింది.

ఆ పండగ పూట కొండ ఊళ్ళలో మగవాళ్ళు పొద్దున్నే విల్లంబులూ గొడ్డళ్ళూ పట్టుకుని వేటకి అడవెక్కుతారు. ఇప్పుడు వేట ఎక్కడిది, చాలామంది ఏ చెట్టు కిందో పడుకుని లేచి వస్తారు. ఉత్త చేతులతో దిగితే పేడనీళ్ళు చల్లి ఏడిపించడానికి ఆడవాళ్ళు కాచుకుని ఉంటారు. మగవాళ్ళు దిగేవరకూ ఊరూ, ఊరి మీంచి పోయే రోడ్డూ ఆడవాళ్ళవే. రోడ్డుకి అడ్డంగా దుంగ వేసి ఏ బండినీ ఊరికే పోనివ్వరు. అడిగింది చేటలో వేసి పోవాలి. ఇవ్వడానికి లేనివాడు పాట పాడాలి, అదీ రానివాడు గెంతాలి. ఆ రోడ్డు మీద ఆ పూట ఎంత పెద్దవాడైనా కోప్పడకూడదు, బలవంతంగా దాటకూడదు. దాటితే ఆ ఏడు విత్తనం మొలవదని నమ్మకం. అందుకని దుంగ ఆడవాళ్ళు ఎత్తితేనే లేస్తుంది.

ఆ పొద్దున ధనరాజు కూడా విల్లు పట్టుకుని అడవెక్కాడు. రోడ్డు మీద చేట పట్టింది ముసలి సోములమ్మ. దుంగకి ఒక కొస చిట్టెమ్మకి వరసకి వదినయ్యే రత్నాలు, రెండో కొస చిట్టెమ్మ. గంగ వెనక కూర్చుని డప్పు వాయిస్తోంది. పక్కన బట్టల సంచి ఉంది. ఇంటి దగ్గర పిల్ల ఆ సంచి సర్దుతుంటే చిట్టెమ్మ చూసింది. ఎక్కడికని అడగలేదు. అడిగితే జవాబు వినాలి.

చాపరాయి జలపాతం చూడ్డానికి వెళ్తున్న కార్లు ఒకదాని వెనక ఒకటి ఆగి కదిలాయి. ఒక బ్యాంకు మేనేజరు భార్య బండి దిగి ఆడవాళ్ళతో కలిసి నాలుగు అడుగులు వేసి, చెప్పు తెగ్గొట్టుకుని నవ్వుతూ వెళ్ళింది. కిరాణా సామాను ఆటోవాడు ఏమీ లేదన్నాడు. రత్నాలు అతని చేత గెంతించింది, మొగుడికంటే ఈడే నయమే, సెప్తే గెంతుతన్నాడు అంది.

ఆ నవ్వుల్లోనే వ్యాను వచ్చి ఆగింది. లోపల కుర్రాళ్ళు, ఇద్దరు ఆడపిల్లలు. ముందు సీట్లోంచి భాస్కర్ దిగాడు. పండగ సంగతి అతనికి కొత్త కాదు, నవ్వుతూ వచ్చి జేబులోంచి నోటు తీసి చేటలో వెయ్యబోయాడు.

డప్పు ఆగింది. గంగ లేచి వచ్చి చేట మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"డబ్బులొద్దు మావయ్యా. నా హాల్ టికెట్టు ఇయ్యి. బండిలో సోటు ఇయ్యి."

ఆడవాళ్ళు వేళాకోళం అనుకున్నారు. "ఒలే, మావయ్యనడిగితే మొగుణ్ణడగాల గాని టికెట్టేటే," అని రత్నాలు అంటే అందరూ మళ్ళీ నవ్వారు. భాస్కర్ నవ్వలేదు. గొంతు తగ్గించి, ఇంటి సంగతి రోడ్డు మీద వద్దన్నాడు. ఇంట్లో అయిపోయింది కదా, ఇంట్లో చెప్పిందే ఇక్కడ అందరి ముందూ చెప్పు అంది గంగ. నన్నెందుకు బండెక్కనివ్వవో చెప్పి వెళ్ళు అంది. అతను రోడ్డు వైపు చూశాడు, వెనక ఆగుతున్న బండ్ల వైపు చూశాడు. చెప్పలేదు.

సోములమ్మ చేట అతని కడుపుకి ఆనించింది. "ఏటిరా భాస్కరూ. గుంట అడిగింది ఇచ్చీ. పండగ పూట ఆడది అడిగితే ఇవ్వకండా ఎవుడైనా దాటినాడేటి?"

"నీకు తెల్దులే అత్తా," అని అతను చెల్లెలి వైపు తిరిగాడు. "చిట్టీ. ఎత్తు."

ఆ మాట అతను చిన్నప్పుడు అడ్డాకుల మోపు తన నెత్తికి ఎత్తమన్నట్టే అన్నాడు. అటువైపు రత్నాలు కొస అప్పటికే సగం లేచింది. చిట్టెమ్మ చేతులు దుంగ కిందకి వెళ్ళాయి కూడా. బెరడు గరుగ్గా తగిలింది. గంగ తల్లి వైపు చూడలేదు, మావయ్య మొహంలోకే చూస్తోంది. ఇప్పుడు ఎత్తితే ఈ పిల్ల ఇంక తనని ఏదీ అడగదని చిట్టెమ్మకి తెలిసిపోయింది.

ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని ఆ దుంగ మీదే కూర్చుంది.

"ఎత్తను అన్నా."

భాస్కర్ దగ్గరికొచ్చాడు. ఇప్పుడు అతని గొంతులో హవల్దారు లేడు. "నీకర్థం కావట్లేదు. పనికిరాదని రాసి పంపేత్తారు. గుంటకి ఆ ముద్ర జన్మంతా ఉంతాది. నాను దాని మంచికే సెప్తన్నాను."

"నీ మంచి నాకు తెలుసు. ముద్ర ఆళ్ళెయ్యక్కర్నేదు, నానే ఏసినాను." చిట్టెమ్మ అన్న మీంచి చూపు తీసి ఆడవాళ్ళ వైపు తిరిగింది. "వదినా, సోములత్తా, ఇనండి. నా గంగ మింగేవి తలనొప్పి బిళ్ళలు కావు. మీకు అబద్ధం సెప్పినాను. దానికి ఏడీడీ అంతారు. ఒకదాని మీద మనసు నిలవదు. అందుకు బిళ్ళలు. ఆ బిళ్ళలతోటే ఇంటరు సదివింది. అవి ఆపేసి, డాక్టరు ముందు నాకేటీ నేదని సెప్పమంతన్నాడు మా అన్న. అది సెప్పనంది. అందుకని టికెట్టు ఇవ్వడంట."

ఇన్నాళ్ళూ చోళ్ళ బుట్ట అడుగున పెట్టిన మాట రోడ్డు మీద పడింది. చిట్టెమ్మ ఏ నవ్వు వినబడుతుందోనని భుజాలు దగ్గరకి లాక్కుని కూర్చుంది. వ్యానులో ఒక కుర్రాడు కిసుక్కుమన్నాడు. పక్కనున్న పిల్ల వాడి డొక్కలో మోచేత్తో పొడిచింది.

సోములమ్మ చేట చంకలో పెట్టుకుంది. "అది అంటుకుంతాదేటి?"

"అంటుకోదత్తా."

"మరి దాయడం దేనికే? మా ఆయనకి ముప్పొద్దులా మతిమరుపు. పెళ్ళినాడు మా ఇల్లు మరిసిపోయి పక్కూరెల్లిపోనాడు. నానెవరికీ దాయనేదు."

ఈసారి నవ్వు గట్టిగానే వచ్చింది. చిట్టెమ్మకి కూడా నవ్వు వచ్చింది గాని కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. రత్నాలు తన వైపు దుంగ కొస కింద పడేసి, తనూ వచ్చి దాని మీద కూర్చుంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు కూర్చున్నారు. వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. వ్యాను డ్రైవరు తల బయట పెట్టి, ఘాటీ దిగేసరికి మధ్యాహ్నమైపోతుంది మాస్టారూ, బేగి తెమల్చండి అన్నాడు.

భాస్కర్ దుంగ మీద వరసగా కూర్చున్న ఆడవాళ్ళని చూశాడు. సరిహద్దు గీత దగ్గర ఎన్ని ఏళ్ళు నిలబడ్డాడో గాని, ఇలాంటి వరస అతనికి ఎప్పుడూ ఎదురై ఉండదు. గంగతో అన్నాడు, సరే, నీ ఇష్టం, కానీ డాక్టరు ముందు ఆ మాట చెప్పేటప్పుడు నా పేరు చెప్పకు.

"సెప్తాను," అంది గంగ. "నాకు పరుగు నేర్పినోడివి నువ్వే కదా. ఎవరు నేర్పినారని అడిగితే ఇంకెవరి పేరు సెప్పమంతావు?"

అతను మేనకోడలి మొహం వైపు చూశాడు. ఆ మొహంలో ఎగతాళి లేదు. సంచి ముందుకి లాక్కుని, కాయితాల కట్టలోంచి ఒకటి వెతికి తీశాడు. పిల్ల చేతికి ఇవ్వలేదు. పద్ధతి ప్రకారం చేటలో పెట్టాడు. సోములమ్మ దాన్ని కళ్ళ దగ్గరగా పట్టుకుని, ఫొటోలో నవ్వకండా ఇలాగున్నావేటే అని గంగకి అందించింది.

గంగ బట్టల సంచి భుజానికి తగిలించుకుని వ్యానెక్కింది. డొక్కలో పొడిచిన పిల్ల జరిగి చోటిచ్చింది. కిసుక్కుమన్న కుర్రాడి పక్కనే ఆ చోటు. గంగ వాణ్ణి కిటికీ వైపు జరగమని చెప్పి మధ్యలో కూర్చుంది.

చిట్టెమ్మ ఇంకా లేవలేదు. భాస్కర్ ఆమె ముందు నిలబడ్డాడు. ఇంకేం కావాలన్నట్టు చూశాడు.

"నానూ ఒకటి అడుగుతాను," అంది ఆమె. "మెడికల్లో దాన్ని తిప్పి పంపేత్తే, బస్సెక్కించి పొమ్మనకు. నువ్వే ఎంటబెట్టుకుని తీసుకురా. మన ఊరి రోడ్డు మీంచే తీసుకురా. దొడ్డిదారిన కాదు."

అన్నని ఆమె ఏదైనా అడిగిన మొదటిసారి అది. ఈసారి అతని తలే ఊగింది.

"తీసుకొత్తాను," అన్నాడు. వెళ్ళి ముందు సీట్లో కూర్చున్నాడు.

అప్పుడు లేచింది చిట్టెమ్మ. రత్నాలూ తనూ చెరో కొస పట్టి దుంగ ఎత్తి రోడ్డు వారకి తిప్పి పట్టుకున్నారు. వ్యాను దాటిపోయింది. వెనక కిటికీలోంచి గంగ చెయ్యి ఊపుతుందేమోనని చిట్టెమ్మ చూసింది. పిల్ల అప్పటికే పక్కవాళ్ళతో ఏదో చెబుతూ అటు తిరిగిపోయి ఉంది. వెనక్కి చూడాలన్న సంగతి దానికి గుర్తుండదు. ఎప్పుడూ అంతే.

తీసుకుంటారేటే అని రత్నాలు అడిగింది. ఏమో అంది చిట్టెమ్మ.

వెనక నిలబడ్డ నల్ల కారు వాడు ఇదే సందని ముందుకి దూకబోయాడు. చిట్టెమ్మ దుంగ కొస మళ్ళీ రోడ్డు మీదకి తిప్పి వదిలేసింది. అది వాడి చక్రాల ముందు దభీమని పడింది. వాడు అద్దం దించి, ఎంతసేపు ఆపుతారండీ, మాకు పనుల్లేవా అన్నాడు.

చిట్టెమ్మ సోములమ్మ చేతిలోంచి చేట తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళింది.

"నువ్వేటి ఇత్తావు బాబూ?" అంది.